బయటి బంగారం

ప్రొద్దుటూరులో బంగారం అంగడి ఉన్నవాడు పక్క అంగడి నగను కూడా ఒంటిమీద వేసుకోడు. వేసుకుంటే తన అంగట్లో పనితనం లేదని తనే చాటుకున్నట్టు. అలాంటిది మా ఆయన వంశీధర్ నిరుడు శ్రావణంలో బెంగళూరు నుంచి వచ్చి కుడిచేతికి కొత్త బ్రేస్‌లెట్‌తో కారు దిగాడు. నగల ఎగ్జిబిషన్ ఉందని, పనిలో పనిగా శృంగేరి కూడా చూసుకొస్తానని చెప్పి పోయిన మనిషి. తోడుగా స్నేహితుడు అలీ అహ్మద్‌ను తీసుకుపోయాడు. శృంగేరికి అలీ అహ్మద్ ఎందుకని పోయేనాడే అడగాలనుకున్నాను. ప్రయాణమై పోయేవాళ్లకు ఎదురు ప్రశ్న వేయకూడదని మా అత్త కసిరితే ఊరుకున్నాను.

చూడగానే తెలిసిపోయింది, అది మా ఊరి చేతిపని కాదు. మా ఊళ్లో కొక్కెం వంచే తీరు వేరు. ఇది రెండువైపులా లావుపాటి గొలుసు, నడుమ బల్లపరుపు పలక. పలక మీద పువ్వు లేదు, దేవుడు లేదు, నున్నగా ఉంది. అంత బంగారం పోసి పలక చేయించి, దానిమీద ఏమీ చెక్కించకుండా ఎవరైనా వదిలేస్తారా? ఏదైనా ఉంటే లోపలివైపు ఉండాలి. లోపలివైపు చెక్కించుకునేది, పదిమందికీ కనబడకూడదు అనుకున్నవాళ్లే.

"ఎవరు చేసినారు ఇది?" అని అడిగాను.

"బెంగళూరులో తెలిసినాయన. మోడలు బాగుండాదని తెచ్చినా."

మోడలు కోసం తెచ్చింది అంగట్లో అద్దాల పెట్టెలో ఉండాలి గాని చేతికెందుకు? మా అత్త అలివేలమ్మకు మాత్రం కొడుకు చెయ్యి నిండుగా కనబడింది. నాకు అనుమానం ఎక్కువని ఆవిడ ఎప్పుడూ అంటుంది. బంగారం ఇంటికి కోడలుగా వచ్చినదానికి అనుమానం లేకపోతే ఎట్లా? మెరిసేదాన్నల్లా నమ్మితే మా అంగడి ఎప్పుడో మూతపడేది.

ఇక తిండి సంగతి. మా ఆయన లావు బంగారం బజారంతటికీ ఒక గుర్తు. దారి అడిగినవాళ్లకు "లావుపాటాయన కూర్చోని ఉంటాడు చూడు, ఆ అంగడే" అని చెప్పేవాళ్లు. ఆయన కూర్చునే పరుపు వేరు, పెళ్లిళ్లలో ఆయనకు వేసే కుర్చీ వేరు. ఉగ్గాని బజ్జీ అయితే పళ్లెం కాదు, తట్ట పెట్టాలి. అలాంటి మనిషి వచ్చినప్పటినుంచి గ్లాసెడు జావ పట్టుకుని గంటసేపు చప్పరిస్తూ కూర్చునేవాడు. దసరా దాకా అమ్మవారికి ఒంటిపూట మొక్కుకున్నానని చెప్పాడు. దీక్షలో ఉన్నవాడు నేలమీద పడుకోవాలంటూ చాప తీసుకుని మేడమీది గదికి చేరాడు. ఇంట్లో ఉన్నా ఒంటిమీది చొక్కా విప్పడు.

మా అత్త మురిసిపోయింది. నేను మురవలేదు. దీక్ష పట్టినవాడికి మెడలో మాల ఏది? ఒంటిపూట అని చెప్పి, తెల్లారింది మొదలు గంటకోసారి చెంచాడు ఇది, చెంచాడు అది నోట్లో వేసుకునే దీక్ష ఏ అమ్మవారు పెట్టింది? అన్నం తింటూ నీళ్లు తాగడు. తిన్న ముద్దను పసిపిల్లవాడిలా నములుతూనే ఉంటాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడడం లేదని ఆయన అనుకుంటున్నాడు. నేను అన్నీ చూస్తున్నాను.

వినాయక చవితి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. చొక్కాలు దర్జీ దగ్గరికి వెళ్లి వచ్చాయి. ఎప్పుడూ లేనిది అద్దం ముందు నిలబడి క్రాపు సరిచేసుకుంటున్నాడు. బజారులో కొందరు షుగరు అన్నారు, కొందరు అంగడి దెబ్బతినిందన్నారు. పులివెందులలో ఉన్న మా చెల్లెలు పావని మాత్రం ఫోన్లో నా మనసులో ఉన్నదే అనింది.

"అక్కా, నలభై దాటిన మొగోడు ఉన్నట్టుండి సన్నబడతాండాడంటే రోగమన్నా ఉండాల, ఇంకోటన్నా ఉండాల. రోగమైతే మందులు కనపడాల గదా?"

ఇల్లంతా వెతికాను. ఒక్క మాత్ర కనబడలేదు. అంటే రెండోదే.

ఒక మధ్యాహ్నం ఆయనకు మజ్జిగ తీసుకుని అంగడికి వెళ్లాను. బేరాలు లేని వేళ. పనివాళ్లు భోజనానికి పోయారు. ఆయన రెండు చేతులతో ఒక హారం కొక్కెం సరిచేస్తూ, ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడు. అద్దం తలుపు సందులోంచి ఒక ఆడగొంతు వినబడింది. కృష్ణా జిల్లా వైపు మాట, తేనె పూసినట్టుంది.

"తిన్నారా? నెమ్మదిగా నమిలి తినాలండీ. నీళ్లు మాత్రం మర్చిపోకండి. తీపి జోలికి వెళ్లడం లేదు కదా?"

"లేదు సాయిశ్రీ గారూ, మీరు చెప్పినట్లే చేస్తాండా" అన్నాడు మా ఆయన.

పెళ్లయినప్పటినుంచి ఈ మనిషి నా మాట మీద ఒక్క ఓళిగ తగ్గించింది లేదు. ఎవరో సాయిశ్రీ గారు చెప్పినట్లే చేస్తున్నాడట. ఒళ్లు మండిపోయింది. నన్ను చూడగానే ఫోను కట్టేశాడు. ఎవరని అడిగితే కస్టమరు అన్నాడు. ఏ కస్టమరు షావుకారిని తిన్నావా అని అడుగుతుంది?

మర్నాడే అలీ అహ్మద్‌ను ఇంటికి పిలిపించాను. ఆయన మా అంగడికి రాళ్లు, ముత్యాలు తెచ్చిస్తాడు. మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, నన్ను అక్కా అంటాడు. టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. శృంగేరిలో గుడి ఎట్లా ఉందని అడిగాను. టీ గొంతుకు అడ్డం పడింది ఆయనకు.

"అక్కా, నన్నేమీ అడగొద్దు. ఒట్టు పెట్టించుకున్యాడు. కానీ నువ్వు అనుకునేది మాత్రం కాదు."

నేను ఏమనుకుంటున్నానో అప్పటిదాకా పావనికి తప్ప ఎవరికీ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఈయన వరస. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తినలేదని మా ఆయన గమనించలేదు. దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

మా ఇంట్లో ఒక ఆచారముంది. దసరా మొదటిరోజు ఇంట్లోవాళ్లందరి ఒంటిమీది బంగారం, తాళి తప్ప ముక్కుపుడకతో సహా తీసి, కుంకుడు రసంలో కడిగి, ఇత్తడి పళ్లెంలో పోసి అమ్మవారి పటం ముందు పెడతాం. హారతి అయ్యాక ఎవరిది వాళ్లు తొడుక్కుంటాం. మేం అమ్ముకుని బతికే బంగారం మాది కాదు, ఆ తల్లిదే అని ఏడాదికోసారి ఒప్పుకోవడమన్నమాట. శ్రావణం నుంచి నేను ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాను. పళ్లెం పట్టుకుని తిరగవలసింది మా అత్త, నగలు కడగవలసింది నేను. ఆ పలక తిప్పి చూడడానికి ఒక్క నిమిషం చాలు.

మా ఆయన గొలుసు తీశాడు, ఉంగరాలు తీశాడు. బ్రేస్‌లెట్ తీయలేదు.

"అదీ తీయప్పా" అంది మా అత్త.

"ఇది తీయకూడదు లేమ్మా. మొక్కుది."

మొక్కు అనగానే మా అత్త పళ్లెం వెనక్కి తీసుకుంది. నేను తీసుకోలేదు. ఏ దేవతైనా తన ముందు పెట్టొద్దనే బంగారం ఉంటుందా అని అందరి ముందే అడిగాను. ఆయన మేడ మీదికి పోతే వెంట పోయాను. స్నానానికి కూడా తీయని ఆ వస్తువు లోపలివైపు ఎవరి పేరుందని అడిగాను.

"పేరా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "పండగ కానీ గాయత్రీ, అంతా చెప్తా. ఇప్పుడు చెప్తే అమ్మకు తెలుస్తుంది, బజారుకు తెలుస్తుంది."

"పండగ అయినాక నేను ఈడ ఉంటే గదా చెప్పడానికి" అన్నాను.

ప్రొద్దుటూరు దసరా చూడడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ బస్సులెక్కి వస్తుంటే, అదే ఊరి అమ్మవారిశాల గుడికి పొద్దూ మాపూ పోవలసిన కోడలిని నేను సంచి సర్దుకుని ఎదురు బస్సెక్కాను. జమ్మలమడుగులో పుట్టింటికి పోతే మా అమ్మ వీధి వీధంతా వినబడేట్టు ఏడుస్తుంది. అందుకని పులివెందులకు, చెల్లెలింటికి పోయాను. వేముల దాటేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను, ఎవరైనా తెలిసినవాళ్లు పలకరిస్తారని.

ఊరేగింపులు మొదలుకాకముందే ఆయన వచ్చాడు. అలీ అహ్మద్ కారులో తెచ్చి దింపి, పని ఉందని కదిరికి పోయాడు. నిజానికి నా కంటబడడానికి భయం. మా మరిది, అంటే పావని భర్త, బట్టల అంగడి మూసి వచ్చి మర్యాద చేశాడు. పండుగని పావని ఓళిగలు చేసింది. మా వైపు ఓళిగ అంటే మామూలుగా ఉండదు. నిండా బెల్లం పూర్ణం, పైన నెయ్యి, పక్కన గిన్నెడు తీపి పాలు. నేనే వడ్డించాను.

ఆయన ఆకు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ దీక్ష అన్నాడు.

"దీక్ష ఉన్నోళ్లు అమ్మవారి నైవేద్యం వద్దంటారా? తీపి తినొద్దని చెప్పినామె మాటే మీకు ఎక్కువైతే అది చెప్పండి. నా చేతిది తింటే నమ్ముతా."

ఆయన తలెత్తాడు. ఏదో చెప్పబోయాడు, పక్కనే మా మరిది నిలబడి ఉండడం చూసి ఆగాడు.

"తింటే ఇంటికి వస్తావా?"

"వస్తా."

తిన్నాడు. నమిలి నమిలి ఒకటి తిన్నాడు. నేను రెండోది వేశాను, అదీ తిన్నాడు. తీపి పాలు కూడా తాగాడు. నా కడుపు నిండింది. ఇన్నాళ్లకు నా మొగుడు నాకు దొరికాడనుకున్నాను, సిగ్గు విడిచి చెప్తున్నాను, వంటింట్లోకి పోయి పావని భుజం మీద తల పెట్టి నవ్వాను.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. కాసేపటికే ఆయనకు చెమటలు పట్టాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కడుపు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మంచం మీద పడుకోబెడితే ఒళ్లంతా వణుకు. మాట ముద్దముద్దగా వస్తోంది. అవే ఓళిగలు మేమందరమూ తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. మా మరిది ఆటో తెచ్చాడు. దగ్గరలో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాం.

డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. ఏం జరిగిందని అడిగాడు. నేను ఓళిగల సంగతి చెప్పాను. మా మరిది ఆయన్ను పక్కకు పిలిచి, మొగుడూ పెళ్లాలకు గొడవని, నేను అలిగి వచ్చానని చెప్పాడు. మంచికే చెప్పాడు పాపం. కానీ చుట్టూ చేలూ తోటలూ ఉన్న ఊరది. పెళ్లాంతో గొడవపడి, చెమటలతో, వాంతులతో వచ్చిన మగవాణ్ని చూస్తే అక్కడి డాక్టర్లకు మొదట తోచేది పురుగుల మందే.

"ఏమైనా తాగినాడా అమ్మా? నిజం చెప్పండి."

"లేదు సార్."

"అందరూ ముందు లేదనే అంటారు."

డాక్టరు ఆయన నోటి దగ్గర వాసన చూశాడు. తేలలేదు. ఆలస్యమైతే ప్రమాదమని, ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడగాలని నర్సుకు చెప్పాడు. నర్సు గబగబా ఆయన మెడలో గొలుసు, వేళ్ల ఉంగరాలు, చేతి బ్రేస్‌లెట్ తీసేసింది. మా వైపు ఆస్పత్రికి ఎవరిని తెచ్చినా ముందు జరిగే పని అదే. అన్నీ ఆయన జేబురుమాల్లోనే మూటకట్టి నా చేతిలో పెట్టింది.

"బంగారం జాగర్త అమ్మా. రేపు యాడ పోయిందని మమ్మల్ని అడగొద్దు."

నన్ను బయటికి పంపుతుంటే ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. నన్ను పిలుస్తున్నాడనుకున్నాను. ఉత్త మణికట్టు చూపిస్తూ ఏదో అంటున్నాడు, మాట కూడడం లేదు. నర్సు ఆ చెయ్యిని కిందికి అదిమి పట్టుకుంది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పావని దేవుళ్లకు మొక్కుతోంది. నేను మూట విప్పాను. మొగుడు లోపల ఆ స్థితిలో ఉంటే, బయట కూర్చుని నగ తిప్పి చూసే ఆడదాన్ని లోకం ఏమంటుందో నాకు తెలుసు. అననీ. ఆయన పోతాడేమోనన్న భయం ఒకవైపు. పోయేముందు అది ఎవరో నాకు తెలియాలన్న పట్టుదల ఇంకోవైపు. శ్రావణం నుంచి నా నిద్ర తిన్న పలకను వెనక్కి తిప్పాను.

ఇంగ్లీషు అక్షరాలు, చిన్నవి, ఒత్తుగా ఉన్నాయి. జమ్మలమడుగులో చదివిన చదువు ఆ పూట పనికొచ్చింది. మొదటి వరసలో ఆయన పేరే ఉంది. రెండో వరసలో గ్యాస్ట్రిక్ బైపాస్ అని ఉంది. బైపాస్ అంటే గుండెకు చేసేదని మాత్రమే నాకు తెలుసు. మూడో వరస అర్థం కావడానికి డాక్టరే కానక్కరలేదు. ముక్కు గొట్టం వేయవద్దు అని రాసి ఉంది. ఆ కింద ఒక ఫోన్ నంబరుంది, ఆ అంకెలు చదవలేదు.

తలుపు తోసుకుని లోపలికి పోయాను. డాక్టరు గొట్టానికి జెల్లీ పూసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నర్సు అడ్డం వచ్చింది. ఆమెను పక్కకు నెట్టి పలకను డాక్టరు కళ్ల ముందు పెట్టాను.

ఆయన ఒకసారి చదివాడు. చేతిలోని గొట్టాన్ని ట్రేలో పెట్టేశాడు.

"షుగర్ చూడు" అన్నాడు నర్సుతో.

వేలి మీద సూదితో పొడిచి చూస్తే రక్తంలో చక్కెర అడుగంటిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించారు. లావు తగ్గడానికి ఈయన కడుపును చిన్నగా కత్తిరించి కుట్టారని, ఆ కుట్లు ఇంకా కొత్తవని, తెలియక గొట్టం తోసి ఉంటే లోపల చిరిగిపోయేదని డాక్టరు మెల్లగా చెప్పాడు. ఇలాంటివాళ్లు ఒకేసారి అంత తీపి తింటే రక్తంలో చక్కెర ముందు ఎగిసి, వెంటనే అడుక్కు పడిపోతుందట. ఎవరు పెట్టారని అడిగాడు. నేనే అన్నాను.

"దీనిమీద అత్యవసరానికి నంబరుంది. వాళ్లకు ఫోన్ చెయ్యి, ఆపరేషన్ ఎక్కడ చేసినారో కనుక్కుందాం" అని పలక నర్సు చేతికిచ్చాడు.

నర్సు ఒక్కొక్క అంకె చూసుకుంటూ నొక్కింది. నా చేతిసంచిలో ఫోను మోగింది.

ఎవరో ప్రొద్దుటూరు నుంచి అనుకుని తీశాను. హలో అన్నాను. ఎదురుగా నిలబడిన నర్సు చెవి దగ్గరి ఫోనులోంచి నా గొంతే నాకు వినబడింది. నర్సు నా వైపు చూసింది. డాక్టరు తల తిప్పుకుని గ్లూకోజు సీసా సరిచేశాడు. నేను అక్కడే స్టూలు మీద కూలబడి, ఆయన ఉత్త మణికట్టు పట్టుకుని ఏడ్చాను.

ఆయనకు తెలివి వచ్చాక మెల్లమెల్లగా అన్నీ చెప్పాడు. ఇదే లావుతో వాళ్ల నాన్న పోయిన వయసు దగ్గరపడుతోందని భయమట. ఆపరేషన్ అంటే నేను పోనివ్వనని భయమట. అన్నిటికంటే పెద్ద భయం బజారంటేనట.

"నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్యాడంటారు గాయత్రీ. ఆస్పత్రోళ్లు స్టీలుదే ఇచ్చినారు. బంగారం అంగడోడు స్టీలు తొడిగితే ఏమంటారు? అందుకే బంగారంతో చేయించుకున్యా. ఈడ చెక్కిస్తే ఊరంతా తెలుస్తాదని ఆడనే చెక్కించినా."

సాయిశ్రీ ఎవరని అడిగాను. ఆపరేషన్ చేసిన బెంగళూరు ఆస్పత్రిలో తిండి సంగతి చెప్పే ఆమె. నంబరు తీసుకున్నాను. ఆయన ఏం తిన్నాడో ఇప్పుడు నేనే ఆమెకు చెప్తాను. ఆయన దాచిన రెండు పకోడీలు కూడా లెక్కలో ఉంటాయి. నా అనుమానం వల్లే ప్రాణం మీదికి వచ్చిందని మా అత్త ఇప్పటికీ అంటుంది. నా అనుమానం వల్లే ప్రాణం నిలిచిందని నేనంటాను. ఇద్దరిదీ నిజమే, కానీ ఆవిడకు ఆ మాట చెప్పను.

విజయదశమి అయిన మర్నాడు ఆయన్ను వెంటబెట్టుకుని మహబూబ్‌బీ గిన్నెల అంగడికి పోయాను. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ఇచ్చే స్టీలు సామాను మీద పేర్లు చెక్కిచ్చేది ఆమే. ఆస్పత్రివాళ్లిచ్చిన స్టీలు గొలుసును అలీ అహ్మద్ కారు డిక్కీలోంచి తీయించాను. దాని ఖాళీ పలక మీద ఏమేం చెక్కాలో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి ఇచ్చాను. మా ఆయన చుట్టూ చూస్తున్నాడు. అంగట్లో నలుగురు ఆడవాళ్లున్నారు. సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది.

"ఇదేదో మన బంగారం పలక పైవైపు చెక్కిస్తే పోలేదా?" అన్నాడు మెల్లగా.

"బంగారమైతే తీసి మూటగడతారు. స్టీలైతే చదువుతారు" అన్నాను.

ఆయనే గొలుసును బల్ల మీద ముందుకు జరిపాడు. మహబూబ్‌బీ కళ్లద్దాలు పెట్టుకుని, నేను రాసిచ్చిన కాగితం చదివి, ఒకసారి మా ఆయన నడుము వైపు చూసి, చెక్కే మిషను చేతిలోకి తీసుకుంది. గిన్నెల మీద ఎప్పుడూ ఇచ్చినవాళ్ల పేరే చెక్కుతుంది కాబట్టి, అలవాటు కొద్దీ అడిగింది.

"చివర్లో ఎవరి పేరు ఏయమంటావమ్మా?"

"నా పేరే. కింద నా నంబరు" అన్నాను. "లోపల కాదు, పైకి కనపడాల."